షైని పిల్లల సంగతి

తిరువూరు,
సోమవారం.

కొండ మీద ఆస్పత్రిలో ఊరందరి జ్వరాలూ చూస్తున్న స్టాఫ్ నర్సు పూజితకు, కొండ కింద ఇద్దరు పిల్లల్నీ ఒక తల్లినీ ఒక విత్తనాల షాపునీ చూసుకుంటున్న నీ జోజి ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, అమ్మా, కిరీటీ, షైనీ, అమ్మ పెంచుతున్న నల్ల కోడిపెట్టా. నువ్వు క్షేమమని నీ ఉత్తరమే చెప్పింది కాబట్టి మళ్ళీ అడగను గానీ, రాత్రిపూట బిస్కెట్లు తిని పడుకోవడం మాత్రం మానెయ్యి.

నువ్వడిగినవాటికి జవాబులు. గ్యాస్ బండ వచ్చింది. కిరీటికి బూట్లు కొన్నాను, ఒక సైజు పెద్దవి. వాడు నడుస్తుంటే బూట్లు ముందు వెళ్ళి వాడు తర్వాత వెళుతున్నాడు, కానీ వచ్చే ఏడాదికి సరిపోతాయి. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను, అమ్మని అడుగు. ఇక నువ్వు రెండు గీతలు గీసి మరీ అడిగిన ప్రశ్న. "పోయిన ఆదివారం ఫోన్లో షైని 'నా పిల్లలు, నా పిల్లలు' అని ఏడ్చింది. ఇంతలో సిగ్నల్ పోయింది. ఎవరి పిల్లలు? అక్కడేం జరుగుతోంది?" అని రాశావు. సిగ్నల్ కోసం ఆస్పత్రి పై గుట్టెక్కి, ఆ ఒక్క ముక్క విని దిగి, వారమంతా నువ్వెలా ఉన్నావో తలుచుకుంటే నాకే జాలేసింది.

షైని పిల్లలంటే షైనికి పుట్టబోయే పిల్లలు. ఇద్దరూ ఆడపిల్లలే. పేర్లు కూడా పెట్టేసింది. పెద్దది స్వీటీ, చిన్నది కలెక్టర్. చిన్నదానికి ఉద్యోగం కష్టమవుతుందని ముందే పేరులో పెట్టేసిందట. ఆ ఇద్దరూ ఇక పుట్టరని తెలిసి నీ ఆరేళ్ళ కూతురు పది రోజులు కుమిలిపోయింది. ఇప్పుడు నయం. ఎలా నయమైందో చెప్పాలంటే మొదటి నుంచీ రావాలి. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావేమో. పది నిమిషాల ఫోన్లో తొమ్మిది నిమిషాలు పిల్లలే లాక్కుంటారు. పైగా మధ్యలో నువ్వు నన్ను తిట్టకుండా చివరిదాకా వినాలంటే ఉత్తరమే మంచిదనిపించింది.

తప్పంతా గిరిబాబుది. కిరీటి వాళ్ళ స్కూల్లో కొత్తగా చేరిన సైన్సు మాస్టారు. ఇరవయ్యారేళ్ళు, పెళ్ళి కాలేదు, మంచి కుర్రాడు. షైని వాళ్ళ టీచరు సెలవు పెట్టడంతో ఒకటో తరగతి పిల్లల్ని కూడా తెచ్చి కిరీటి క్లాసులో వెనక కూర్చోబెట్టారు. ఆ రోజే గిరిబాబు సంకర జంతువుల పాఠం చెప్పాడు. పాపం, రంగుల పెన్సిళ్ళతో తనే చార్టు గీసుకొచ్చాడు. ఒక పక్క గుర్రం, ఒక పక్క గాడిద, మధ్యలో ప్లస్సు, కింద కంచర గాడిద. ఇంకో వరసలో సింహం, పులి, వాటి కింద రెండిటి పోలికా ఉన్న ఒక జంతువు. నేను తర్వాత చూశాను, సింహం కాస్త మన తహసీల్దారు ఆఫీసు బంట్రోతులా ఉంది గానీ, మిగతావి బాగానే గీశాడు.

పాఠం అయ్యాక ప్రశ్నలుంటే అడగమన్నాడట. అదీ అతను చేసిన పొరపాటు. మన కిరీటి లేచి, "సార్, గుర్రానికీ గాడిదకీ పెళ్ళి ఎవరు చేశారు?" అన్నాడు.

"పెళ్ళి అక్కర్లేదు. ఒకచోట ఉంటే చాలు," అన్నాడట గిరిబాబు, గంట ఎప్పుడు కొడతారా అని బయటికి చూస్తూ.

వెనక నుంచి షైని లేచింది. "కంచర గాడిదకి పిల్లలు పుడితే వాటినేమంటారు సార్?"

"దానికి పిల్లలు పుట్టవమ్మా. వేరు వేరు జాతులకి పుట్టింది కదా, దాంతోనే ఆగిపోద్ది."

గంట కొట్టారు. గిరిబాబు బతికిపోయాడు, మన ఇంట్లో మొదలైంది.

ముందు కిరీటి సంగతి. ఒకచోట ఉంటే చాలని మాస్టారే చెప్పాడు కదా. మర్నాడు వీడు వెనకింటివాళ్ళ మగ బాతుని చంకలో పెట్టుకొచ్చి, అమ్మ నల్ల పెట్టతో కలిపి గంప కింద మూశాడు. పైన రుబ్బురోలు పొత్రం పెట్టాడు. రెండు రోజులు మా అమ్మ పెట్టకోసం వీధంతా తిరిగింది. గంప కిందనుంచి బాతు అరుస్తున్నా, వెనకింటి బాతే కదా అనుకుంది. చివరికి గంప ఎత్తి చూస్తే కోడి ఒక మూల, బాతు ఒక మూల, ఒకదానికొకటి వీపులు తిప్పుకుని కూర్చున్నాయి. మధ్యలో గుడ్డు.

"అది రోజూ పెట్టే గుడ్డేరా సన్నాసీ," అంది అమ్మ.

"కాదు నాయనమ్మా, ఇది కోడిబాతు," అన్నాడు వాడు. ఆ గుడ్డు మీద పెన్సిల్‌తో తేదీ వేసి, బియ్యం డబ్బాలో గుడ్డలో చుట్టి దాచాడు. దాన్ని ఎవరైనా అట్టు వేస్తారేమోనని స్కూలుకి వెళ్ళేటప్పుడు అమ్మ చేత ఒట్టు వేయించుకుంటున్నాడు. ఇది ఈ పాటికి వాసన వస్తూ ఉండాలి. నువ్వొచ్చేలోగా ఎలాగోలా తీయిస్తాను.

షైని సంగతి అలా కాదు. రెండు రోజులు మాట్లాడలేదు. అన్నంలో నెయ్యి వేసినా తినలేదు. మూడో రోజు అమ్మ ఒళ్ళో పడి, "నాయనమ్మా, నాకు పిల్లలు పుట్టరు," అని ఏడ్చింది. ఆరేళ్ళ పిల్ల నోట ఆ మాట వింటే ఎవరైనా ఎందుకని అడుగుతారు. మా అమ్మ అడగలేదు. వెంటనే, "ఊరుకో తల్లీ, గుణదల మేరీ మాతకి మొక్కుకుందాం, కొవ్వొత్తుల పెట్టె ఇచ్చుకుందాం," అంది. అక్కడితో ఆ పిల్లకి ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది. మొక్కుకునేదాకా వచ్చిందంటే నిజమే అన్నమాట అనుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది.

పాఠం సంగతి కిరీటి చెబితే, నేను గిరిబాబుని పిలిపించాను. పాపం చార్టు చుట్టుకుని ఇంటికే వచ్చాడు. మంచం మీద షైని పక్కన కూర్చుని, "చూడమ్మా, జంతువుల సంగతి వేరు, మనుషుల సంగతి వేరు. నీకు పిల్లలు పుడతారు," అన్నాడు.

"మీకు పిల్లలున్నారా సార్?" అంది షైని.

"లేరమ్మా."

"మరి మీకెలా తెలుసు?"

గిరిబాబు టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

పూజితా, ఇక్కడిదాకా తప్పు గిరిబాబుదని రాశాను. రాస్తున్నంతసేపూ చెయ్యి నొప్పెడుతూనే ఉంది. అసలు తప్పు నాది. కంచర గాడిదకి పిల్లలు పుట్టకపోతే షైనికి ఎందుకు ఏడుపు, అని నువ్వు ఈ పాటికి అనుకునే ఉంటావు. షాపుకొచ్చిన రైతులు పిల్లల్ని చూసి, ఎవరి పోలికండీ అని అడుగుతారు కదా. "మావి హైబ్రిడ్ పిల్లలండీ, రెండు వైపుల మంచి గుణాలూ వచ్చాయి," అంటాను. వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. నువ్వు లేనప్పుడే అంటాను. మన ఊళ్ళో హైబ్రిడ్ అంటే మెచ్చుకోలే కదా, పత్తికైనా మిరపకైనా అదే పేరు చెప్పి అమ్ముతాం. మూడేళ్ళ వయసు నుంచీ షైని షాపులో విత్తనాల మూటల మీద కూర్చుని ఆ మాట వింటూనే ఉంది. ఆ నోటితోనే నేను ప్రతి రైతుకీ, "ఈ హైబ్రిడ్ పంట గింజ దాచి మళ్ళీ ఏడాది వెయ్యొద్దండీ, పనికిరాదు," అని చెప్పడం కూడా వింటూనే ఉంది. ఆ రెండు మాటల పక్కన గిరిబాబు చార్టు పెట్టుకుంది. షైనికి లెక్కలు రావడం లేదని నువ్వు బెంగపడ్డావు. ఇలా మూడు ముక్కలు కూడి లెక్క తేల్చిన పిల్లకి లెక్కలు రాకపోవడమేమిటి!

"అది తమాషాకి అన్నానమ్మా. నువ్వు హైబ్రిడ్ కాదు," అన్నాను.

"మరి అమ్మ వాళ్ళు వేరు, మనం వేరు అని నాయనమ్మ చెప్పిందిగా. మనం చర్చికెళ్తాం, వాళ్ళు గుడికెళ్తారు. వేరు కాబట్టే తాతయ్య మనింటికి రాడంటగా. వేరు వేరు కలిస్తే ఏంటో నాకు తెలుసు," అంది.

పదేళ్ళుగా ఎంతమందితో ఎన్ని వాదించాను! పెళ్ళి రోజు రిజిస్ట్రారు ఆఫీసు బయట మీ బాబాయిలతో వాదించాను, మా చర్చి ఫాదర్‌తో వాదించాను. ఆ పిల్ల ముందు మాత్రం నోరు పెగల్లేదు. దాని మాటలో అబద్ధం ఏదో నాకు తెలుసు గానీ, అది అబద్ధమని చూపించడానికి నా చేతిలో ఏమీ లేకపోయింది.

అప్పుడు అదే అంది. "తాతయ్యకి నన్ను చూపించు. తాతయ్య దూడని చూసి తల్లి ఎవరో చెప్పేస్తాడని అమ్మ చెప్పింది. ఆయన చూస్తే తెలిసిపోద్ది."

ఇప్పుడు అసలు సంగతి. కోపం వస్తే ఉత్తరం పక్కన పెట్టి, కాసిని మంచినీళ్ళు తాగి, మళ్ళీ తీసుకో. కిరీటి పుట్టినప్పుడు పెనుగొలను కబురు పంపితే మీ నాన్నగారు రాలేదు. ఆ రోజు నువ్వు మంచం మీద నుంచే, "ఆయన మన గడప తొక్కేదాకా మనలో ఎవరూ ఆ గడప తొక్కకూడదు," అని నా చెయ్యి తీసి పసివాడి తల మీద పెట్టి ఒట్టు వేయించావు. ఆ తర్వాత షైని పుట్టినా కబురు పంపలేదు. ఎనిమిదేళ్ళు ఆ ఒట్టు నిలబెట్టాను. పెనుగొలను మీదుగా వెళ్ళాల్సిన రైతుల దగ్గరికి కూడా చుట్టు తిరిగి వెళ్ళాను. పోయిన ఆదివారం, సిగ్నల్ పోయి నీ ఫోను తెగాక, షైనిని బండి మీద ముందు కూర్చోబెట్టుకుని నేరుగా పెనుగొలను వెళ్ళాను.

గడప తొక్కలేదు. గొడ్ల చావిట్లోనే నిలబడ్డాం. ఇది తప్పించుకునే మాటని నాకూ తెలుసు.

మీ నాన్నగారు ఒక ఆవు డెక్క ఎత్తి చూస్తున్నారు. బండి చప్పుడికి తలెత్తారు. నన్ను చూశారు, మళ్ళీ డెక్కనే చూశారు. నేను నమస్కారం పెట్టి, చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియక హెల్మెట్ పట్టుకుని నిలబడ్డాను. షైని మాత్రం తిన్నగా వెళ్ళి ఆయన ముందు నోరు తెరిచింది.

"చూడు," అంది.

"ఏంటమ్మా?"

"పళ్ళు. దూడకి ముందు పళ్ళే చూస్తావంటగా. రెండు ఊడినియ్యి, వస్తయ్యంట. చూసి నేను ఎవరి పిల్లనో చెప్పు."

ఆయన ఆవు కాలు మెల్లగా కిందికి దింపారు. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. చాలాసేపు చూశారు పూజితా, అంతసేపు ఏ దూడనీ చూసి ఉండరు. "ఆ గడ్డివాము దాకా నడిచి రా," అన్నారు. ఇది బూట్లు చప్పుడు చేసుకుంటూ వెళ్ళి వచ్చింది.

"పూజిత కూతురివి. ఎడమ కాలు బయటికేసి నడుస్తున్నావు, దానికీ అదే అలవాటు," అన్నారు. తర్వాత నా వైపు ఒకసారి చూసి, "చెవులు మాత్రం అతనియ్యి," అన్నారు. ఆ మాట మెచ్చుకున్నట్టు లేదు, కానీ పదేళ్ళలో నా గురించి ఆయన అన్న మొదటి మాట కాబట్టి చెవులు తడిమి చూసుకున్నాను.

"అయితే నేను హైబ్రిడ్ అవునా, కాదా?" అంది షైని. మొత్తం చెప్పేసింది. గుర్రం, గాడిద, చార్టు, మిరప గింజలు, షాపులో నేను అన్న మాట, స్వీటీ, కలెక్టర్, గుణదల కొవ్వొత్తులు, ఏదీ వదల్లేదు. "అమ్మ వాళ్ళు వేరు, నాన్న వాళ్ళు వేరు. అందుకే నువ్వు రావంటగా," అని కూడా చెప్పింది. నేను అక్కడున్న గేదెని చూస్తూ నిలబడ్డాను. ఆయనకి చూడటానికి ఏ గేదే దొరకలేదు. పిల్ల ముందే నిలబడి ఉంది.

"గుర్రం వేరు, గాడిద వేరు. దానికి చూలు నిలవదు, నిజమే," అన్నారు చివరికి. "అదుగో, ఆ ఎర్రావు చూడు. ఒంగోలు ఆవుకీ జెర్సీకీ పుట్టింది. నాలుగు ఈతలు ఈనింది."

"అంటే నేను జెర్సీ క్రాసా?"

"కాదే!" అని అరిచారు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. "క్రాసు లేదు, ఏమీ లేదు. మనుషులంతా ఒకటే జాతి. మీ అమ్మా మీ నాన్నా వేరు వేరు కాదు. ఒకటే." అనేసి ఆగిపోయారు. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అన్నట్టు చావిడి చుట్టూ చూశారు. అత్తయ్యగారు మజ్జిగ గ్లాసులతో వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయి వింటున్నారు.

నాకు ఏడుపొచ్చింది. రిజిస్ట్రారు ఆఫీసు బయట నేను ఎంత గింజుకున్నా చెప్పించలేని మాటని ఆ పిల్ల రెండు పళ్ళు లేని నోటితో చెప్పించింది. కానీ దానికి అంతటితో చాల్లేదు.

"రాసియ్యి తాతయ్యా. మా షాపులో అన్నిటికీ రాసిస్తాం," అంది.

ఆయన లోపలికి కేకేసి పుస్తకం తెమ్మన్నారు. నీకు తెలిసే ఉంటుంది, ఆ చావిట్లో పుట్టిన ప్రతి దూడనీ రాసే నీలం అట్ట పుస్తకం. పుట్టిన తేదీ, తల్లి, తండ్రి, గుర్తులు, లోపాలు. అరుగు మీద కూర్చుని, ఆఖరి పేజీలో కింద షైని అని రాశారు. తేదీ దాన్నే అడిగారు. తల్లి దగ్గర పూజిత అని రాశారు. తండ్రి దగ్గరకొచ్చేసరికి పెన్ను ఆగింది. నా వైపు తిరిగి, "పూర్తి పేరు ఏంటి?" అన్నారు.

ఇంటి పేరుతో సహా చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రాశారు. గుర్తులు అన్నచోట, ముందు పళ్ళు రెండు లేవు, అని రాశారు. లోపాలు అన్నచోట, లేవు, అని రాశారు. షైని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.

"మరి పిల్లలు?"

మార్జిన్లో, పుడతారు, అని రాసి సంతకం పెట్టారు. అప్పుడు గానీ నీ కూతురు మజ్జిగ తాగలేదు. రెండు గ్లాసులు తాగింది.

"అన్నయ్యది కూడా రాయి తాతయ్యా. వాడు గుడ్డు కాపలా ఉన్నాడని రాలేదు," అంది మూతి తుడుచుకుంటూ.

ఆయన కొత్త పేజీ తీయలేదు. వెనక్కి తిప్పడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, చాలా పేజీలు. ఎనిమిదేళ్ళ కిందటి పేజీ దగ్గర ఆగారు. నేను వంగి చూశాను. ఒక గేదె దూడకీ ఒక కోడెదూడకీ మధ్య, పాతబడిన సిరాతో కిరీటి పుట్టిన తేదీ ఉంది. మగపిల్లవాడు. తల్లి, పూజిత. తండ్రి అన్న చోటు ఖాళీగా వదిలేసి ఉంది. ఆయన ఎవరి ముఖమూ చూడకుండా ఆ ఖాళీలో నా పేరు రాశారు. ఈసారి నన్ను అడగలేదు.

మేం బయల్దేరుతుంటే బండి దాకా వచ్చారు. నువ్వెప్పుడొస్తావని అడిగారు. రెండో శనివారం అన్నాను. కాసేపు బండి అద్దం సరిచేస్తున్నట్టు నిలబడి, "నేను మీ గడప దాకా వస్తే, లోపలికి రమ్మంటదా?" అన్నారు.

ఆయన్నీ, అత్తయ్యగారినీ, నన్నూ చూస్తూ షైని బండి మీద కూర్చుని ఉంది. నేను రండి అనలేకపోయాను పూజితా. ఒక ఒట్టు దాటిన మనిషిని, నిన్నడక్కుండా ఆయన్ని రమ్మనడం కూడా నేనే చేసేస్తే బాగుండదనిపించింది. "దాన్నే అడిగి చెబుతానండి," అన్నాను. అడుగుతున్నాను.

ఇట్లు,
నీకిచ్చిన మాట తప్పి, నీ జవాబు కోసం గేటు దగ్గర నిలబడి ఉన్న
నీ భర్త,
జోజిబాబు.